730 కోట్ల ఏళ్లు ప్రయాణించిన వెలుగు ఎంత ఆలస్యంగా వచ్చింది? – మీ ప్రశ్నలకు జవాబులు

దూరపు గెలాక్సీల నుంచి వచ్చే గామా కిరణాలతో క్వాంటమ్ గ్రావిటీ సిద్ధాంతాలను, అంటే గురుత్వాకర్షణను క్వాంటమ్ సిద్ధాంతంతో కలిపి చెప్పే ప్రయత్నాలను, పరీక్షిస్తున్నారని గత సంచికలో నాలుగు లైన్ల జవాబు ఒకటి ఇచ్చాను. దాని మీద గుణుపురం నుంచి జయపురం దాకా, బరంపురం నుంచి కొరాపుట్ దాకా ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫిజిక్స్ పుస్తకంలో ఇంగ్లిష్‌తో నెట్టుకొస్తున్న పిల్లలు కూడా రాశారు, చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: క్వాంటమ్ గ్రావిటీని పరీక్షించాలంటే పాలపుంతంత యంత్రం కట్టాలని ఎక్కడో చదివాను. పరీక్షకు నిలబడనిదాన్ని సైన్స్ అని పిల్లలకు ఎలా చెప్పమంటారు?
– హైస్కూల్ సైన్స్ టీచర్, గుణుపురం

జవాబు: మాస్టారూ, మీ అనుమానం సబబైనదే. ముప్ఫై ఏళ్ల కిందట చాలామంది ఫిజిక్స్ వాళ్లు కూడా ఇదే మాట అనేవారు. ముందు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఐన్‌స్టీన్ 1915లో చెప్పిన సాధారణ సాపేక్షత ప్రకారం గురుత్వాకర్షణ అంటే స్థలకాలం (స్థలాన్ని, కాలాన్ని కలిపి ఒకటిగా చూసే మాట) వంపు తిరగడం, ఆ స్థలకాలం ఎంత లోపలికి వెళ్లి చూసినా నునుపుగా, అతుకుల్లేకుండా ఉంటుంది. క్వాంటమ్ సిద్ధాంతమేమో బాగా చిన్న కొలతల్లో ఏదీ అంత నిలకడగా ఉండదంటుంది. ఎవరి పరిధిలో వాళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తారు, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే లెక్క పొసగదు. ఆ పొసగని చోటు ఎంత చిన్నదో తేల్చే కొలతను మాక్స్ ప్లాంక్ 1899లోనే ఇచ్చాడు. మన ఒడిశా ఖండపడాకు చెందిన పఠానీ సామంత, వెదురు, కర్ర పనిముట్లతో ఆకాశాన్ని కొలిచి రాసుకున్న గ్రంథం అచ్చయింది కూడా అదే ఏడాది, ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. సరే, ప్లాంక్ చెప్పిన పొడవు ఎంతంటే, మీటరులో దశాంశ బిందువు తర్వాత ముప్ఫై నాలుగు సున్నాలు పెట్టి అప్పుడు 16 రాయాలి. ఆ పొడవుకు సరిపడే శక్తిని, అంటే ప్లాంక్ శక్తిని, కణాల శక్తికి వాడే గిగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెప్తే, 122 పక్కన పదిహేడు సున్నాలు. జెనీవా దగ్గరున్న పెద్ద యంత్రం, ఎల్‌హెచ్‌సీ, ప్రోటాన్లను ఢీకొట్టించే శక్తి కంటే ఇది దాదాపు తొమ్మిది కోట్ల కోట్ల రెట్లు ఎక్కువ. యంత్రం కట్టి అక్కడికి చేరడమన్నది కాని పని, అంతవరకు మీరు చదివింది నిజమే.

అయితే 1998లో అమెలినో కామెలియా, ఎల్లిస్, మావ్రొమాటోస్, నానోపౌలోస్, సుబీర్ సర్కార్ అనే ఐదుగురు వేరే దారి చూపించారు. స్థలకాలం నిజంగానే లోపల గరుకుగా ఉంటే ఎక్కువ శక్తి ఉన్న కాంతి కణానికి, అంటే ఫోటాన్‌కు ఆ గరుకు కాస్త ఎక్కువ తగలొచ్చు, తక్కువ శక్తి ఉన్నదానికంటే అది ఒక పిసరు వెనకబడొచ్చు. ఆ పిసరు ఎంతో లెక్క వేసి చూడండి, మాస్టారూ, క్లాసులో బోర్డు మీద వేయదగ్గ లెక్కే. 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ తీసుకుందాం, మన కంటికి కనిపించే వెలుగు కంటే వెయ్యి కోట్ల రెట్లకు పైగా శక్తి ఉన్నది. ప్లాంక్ శక్తిని దీంతో భాగిస్తే సుమారు నాలుగు వేల కోట్ల కోట్లు. అంటే వేగంలో తేడా నాలుగు వేల కోట్ల కోట్లలో ఒక వంతు. భూమ్మీద ఏ ప్రయోగశాలలోనూ పట్టుకోలేం. కానీ ఆ ఫోటాన్ 730 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిందనుకోండి, అన్ని సంవత్సరాలను సెకన్లలోకి మారిస్తే సుమారు రెండు వేల మూడు వందల కోట్ల కోట్ల సెకన్లు. దీన్ని దానితో భాగిస్తే అర సెకను పైచిలుకు వస్తుంది. దారిలో విశ్వం వ్యాకోచించినందువల్ల వచ్చే సవరణ కూడా కలిపితే ఒక సెకను దగ్గరికి చేరుతుంది. అప్పు పుస్తకంలో పైసా వడ్డీ లాంటిదన్నమాట, నెల తిరిగేసరికి కంటికి ఆనదు, తరాలు తిరిగేసరికి అసలును మించిపోతుంది. ఒక సెకను అంటే చాలా పెద్ద సంగతి, ఉపగ్రహాల్లో ఉన్న గడియారాలు సెకనులో లక్షో వంతును కూడా పట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు కథ. 2009 మే 10, మన గడియారం ప్రకారం తెల్లవారి 5 గంటల 53 నిమిషాలు కావడానికి రెప్పపాటు ముందు, అంతకు ముందు ఏడాది జూన్‌లో అంతరిక్షంలోకి వెళ్లిన ఫెర్మీ టెలిస్కోపుకు ఒక గామా కిరణ విస్ఫోటం కనబడింది. అది రెండు సెకన్లు కూడా లేదు. ఇలాంటి పొట్టి విస్ఫోటాలు రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటే పుడతాయని 2017లో గురుత్వ తరంగాలతో కలిపి చూశాక గట్టిగా తెలిసింది. 2009 నాటి ఆ వెలుగు బయల్దేరిన గెలాక్సీ దూరం కొలిస్తే, 730 కోట్ల ఏళ్ల ప్రయాణం అని తేలింది. ఆ గుంపులో 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ ఒకటి వచ్చింది, ఫెర్మీ అలారం మోగిన 0.83 సెకన్లకు. అలారానికి 0.03 సెకను ముందే, చాలా సన్నగా ఒక తొలి మెరుపు కనబడింది. సరే, ఆ ఫోటాన్ అందరికంటే ముందు, ఆ తొలి మెరుపుతోనే బయల్దేరిందని, దారిలోనే ఇంత వెనకబడిందని సిద్ధాంతానికి పూర్తిగా అనుకూలంగా అనుకుందాం. అప్పుడు కూడా ఆలస్యం 0.86 సెకను దాటదు. సిద్ధాంతానికి కావాల్సిందేమో ఒక సెకను. అంటే ఈ రకం గరుకు ఉంటే గింటే అది బయటపడే శక్తి స్థాయి ప్లాంక్ శక్తి కంటే పైన ఎక్కడో ఉండాలి. తర్వాత అవే వివరాలను ఇంకా పదును పెట్టిన పద్ధతులతో మళ్లీ చూసి, 2013లో ఆ గీతను ప్లాంక్ శక్తికి ఏడు రెట్ల పైకి జరిపారు.

కాబట్టి పిల్లలకు ధైర్యంగా చెప్పండి. ప్లాంక్ స్థాయికి వెళ్లి అడిగిన ప్రశ్న ఒకటి ఉంది, ప్రకృతి దానికి ‘కాదు’ అని జవాబిచ్చింది. ‘కాదు’ అన్న జవాబు కూడా జవాబే. దాన్ని వైఫల్యం అని రాసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే అసలు అడగడమే సాధ్యం కాదన్న ప్రశ్న అది.

ప్రశ్న: కాంతి వేగం శూన్యంలో ఎప్పుడూ ఒకటే అని చదువుకున్నాం కదండీ. మరి ఒక ఫోటాన్ వెనకబడటమేమిటి? ఐన్‌స్టీన్ తప్పా?
– గృహిణి, పర్లాకిమిడి

జవాబు: తప్పని ఇప్పటిదాకా ఎక్కడా తేలలేదమ్మా. తప్పవుతుందేమో అని పరీక్షించడమే ఇక్కడి పని. పట్టకంలోంచి వెలుతురు వెళ్లినప్పుడు రంగులు విడిపోతాయని బళ్లో చూసే ఉంటారు, గాజులో ఒక్కో రంగుకు ఒక్కో వేగం ఉండటం వల్ల అలా జరుగుతుంది. శూన్యంలో ఆ తేడా ఉండకూడదు. శూన్యం కూడా బాగా లోతుకు వెళ్తే పూర్తిగా శూన్యం కాదని కొన్ని క్వాంటమ్ గ్రావిటీ నమూనాలు అంటాయి కాబట్టి, గాజులో జరిగేదానిలో ఇసుమంత అక్కడ కూడా జరుగుతుందేమో వెతకాలి. దారిలో గెలాక్సీల మధ్య ఉన్న ఎలక్ట్రాన్లు అడ్డుపడవా అని మీకు అనుమానం రావచ్చు. పడతాయి, రేడియో తరంగాలను బాగానే ఆలస్యం చేస్తాయి, గామా కిరణాల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రభావం లెక్కలోకి రానంత తగ్గిపోతుంది. అందుకే ఈ పనికి గామా కిరణాలు.

ప్రశ్న: ‘వెలుగు నాలుగు నిమిషాలు లేటు, ఐన్‌స్టీన్ పని అయిపోయింది’ అని ఒక వీడియో మా గ్రూపులో తిరుగుతోంది. నిజమేనా?
– మందుల షాపు యజమాని, జయపురం

జవాబు: నాలుగు నిమిషాల సంగతి నిజం. ఐన్‌స్టీన్ పని అయిపోయిందన్నది నిజం కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా చాలా ముఖ్యం, కాస్త ఓపిగ్గా చదవండి.

మార్కేరియన్ 501 అని ఒక గెలాక్సీ ఉంది, దాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు 46 కోట్ల ఏళ్లు పడుతుంది. దాని నడిమధ్య రాక్షస బ్లాక్ హోల్, అందులోంచి మన వైపే గురిపెట్టినట్టు దూసుకొచ్చే కణాల ధార. ఇలాంటివాటిని బ్లేజర్లు అంటారు. 2005 జులై 9 రాత్రి అది ఒక్కసారిగా భగ్గుమంది. కానరీ దీవుల్లో ఉన్న మ్యాజిక్ టెలిస్కోపు చూస్తే, టెరా ఎలక్ట్రాన్ వోల్టు (వెయ్యి గిగా) కంటే పైనున్న ఫోటాన్ల ఉధృతి, తక్కువ శక్తి ఫోటాన్ల ఉధృతి కంటే నాలుగు నిమిషాలు వెనకగా వచ్చింది. అప్పట్లో పెద్ద చర్చే జరిగింది, జరగాల్సిందే. కానీ ఆ పరిశోధకులే ఇంకో మాట కూడా రాశారు, ఆ ఆలస్యం దారిలో కాకుండా బయల్దేరిన చోటే జరిగి ఉండొచ్చని. ధారలో కణాలకు వేగం పుంజుకోవడానికి సమయం పడుతుంది కదా, ఎక్కువ శక్తి ఫోటాన్లు పుట్టడమే ఆలస్యంగా పుట్టి ఉంటే?

ఈ మొత్తం వ్యవహారంలో అసలైన తలనొప్పి ఇదే, దూరం కాదు, టెలిస్కోపు కాదు. ఫోటాన్ ఎప్పుడు చేరిందో మనకు తెలుసు, ఎప్పుడు బయల్దేరిందో తెలియదు. దీనికి మందు ఒకటే, వేర్వేరు దూరాల్లో ఉన్న చాలా గెలాక్సీలను చూడటం. స్థలకాలం వల్ల ఆలస్యమైతే దూరం పెరిగేకొద్దీ ఆలస్యం పెరిగి తీరాలి, బయల్దేరిన చోటి ఆలస్యానికి మన దూరంతో సంబంధం ఉండదు. మరుసటి ఏడాదే అలాంటి అవకాశం వచ్చింది. 2006 జులై 28న పీకేఎస్ 2155-304 అనే ఇంకో బ్లేజర్ భగ్గుమంది, ఇది మార్కేరియన్ కంటే దాదాపు మూడు రెట్ల దూరం. నమీబియాలో ఉన్న హెస్ టెలిస్కోపులు దాన్ని పట్టుకున్నాయి. ఆ మంట రెండు మూడు నిమిషాల్లోనే రెట్టింపవుతూ, తగ్గుతూ, మళ్లీ లేస్తూ ఉంది, ఆలస్యం కొలవడానికి అంతకంటే మంచి గుర్తులు దొరకవు. మొదటి నాలుగు నిమిషాలు దారి వల్లే అయితే ఇక్కడ పన్నెండు నిమిషాలు కనబడాలి. అలాంటి ఆలస్యమేదీ కనబడలేదు. 2009 విస్ఫోటం సంగతి పైన మాస్టారికి చెప్పాను, అదైతే ఇంకా కచ్చితం.

మీ గ్రూపులో ఈ పేజీ ఫొటో తీసి పెట్టండి. వీడియో చేసినవాళ్లు 2005 దగ్గరే ఆగిపోయారు.

ప్రశ్న: 2022లో ఒక పెద్ద విస్ఫోటం జరిగిందట, అంత పెద్దది పది వేల ఏళ్లకు ఒకసారి వస్తుందట. దాని కిరణాల వల్ల మనకేమన్నా ప్రమాదమా? చదివిన దగ్గర్నుంచి టెన్షన్‌గా ఉంది.
– నర్సు, బరంపురం

జవాబు: ఏ ప్రమాదమూ లేదు, టెన్షన్ వద్దు. సుమారు 190 కోట్ల ఏళ్ల దూరం నుంచి వచ్చింది, మన గాలి పొర గామా కిరణాలను కిందికి రానివ్వదు. పైన అయనో ఆవరణంలో కొద్దిపాటి అలజడి కనబడింది, అంతే.

కానీ ఆ రోజు ఏమిటో మీకు చెప్పాలి. 2022 అక్టోబర్ 9, ఆదివారం, కుమార పున్నమి. మీ బరంపురంలో ఆడపిల్లలు చంద్రుడికి అర్ఘ్యం ఇచ్చే సాయంత్రం, సరిగ్గా 6 గంటల 47 నిమిషాల వేళ ఆ వెలుగు భూమిని తాకింది. పండగకు వెన్నెల ఎంత ముచ్చటో, గామా కిరణాల టెలిస్కోపులకు అంత ఇబ్బంది. ఎందుకంటే గామా ఫోటాన్ నేల దాకా రాదు, పైన పది కిలోమీటర్ల ఎత్తులో గాలిని కొట్టి కణాల జల్లుగా చెదిరిపోతుంది, ఆ జల్లు నుంచి నీలి రంగు మెరుపు ఒకటి పుడుతుంది, సెకనులో వంద కోట్లో వంతులు కొన్ని మాత్రమే ఉండే మెరుపు. మ్యాజిక్, హెస్ లాంటివి చూసేది ఆ మెరుపునే. చీకటి ఉంటేనే అది బాగా కనబడుతుంది, నిండు పున్నమి నాడు పని సాగడం కష్టం.

అయితే చైనాలో సిచువాన్ కొండల మీద, 4,410 మీటర్ల ఎత్తున ఉన్న లాసో కేంద్రానికి వెన్నెలతో పేచీ లేదు. అది మెరుపును కాదు, నేలదాకా దిగే కణాల జల్లునే పట్టుకుంటుంది, 78 వేల చదరపు మీటర్ల నీటి కొలనులు, వాటిలో వరసగా డిటెక్టర్లు, పగలూ రాత్రీ పనిచేస్తూనే ఉంటాయి. విస్ఫోటం జరిగినప్పుడు ఆ దిక్కు సరిగ్గా దాని కంటిముందు ఉంది. మొదటి యాభై నిమిషాల్లో అరవై వేలకు పైగా ఫోటాన్లు దొరికాయి. 2009లో ఒక్క ఫోటాన్‌ను పట్టుకుని వేసిన లెక్కను ఇప్పుడు అరవై వేలతో వేయొచ్చు! 2024లో ఫలితం వచ్చింది, ఆలస్యం లేదు, గరుకు ఉంటే అది ప్లాంక్ శక్తికి పది రెట్ల పైన ఎక్కడో ఉండాలి. వేరే దారిలో, వేరే దూరంలో, వేరే పరికరంతో చూసినా అదే జవాబు రావడం, నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి.

ప్రశ్న: అయితే క్వాంటమ్ గ్రావిటీ కథ ముగిసినట్టేనా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, రాయగడ

జవాబు: లేదు బాబాయ్ గారూ. కొట్టివేసింది ఒక రకం నమూనాలను మాత్రమే, ఆలస్యం శక్తితో పాటు సమానంగా పెరుగుతుందని చెప్పేవాటిని. శక్తి వర్గంతో (శక్తిని శక్తితోనే గుణిస్తే వచ్చేదానితో) పాటు పెరిగే రకం కూడా ఉండొచ్చు, అక్కడ ఆలస్యం ఇంకా ఎంతో తక్కువ, ఆ విషయంలో లాసో గీత ప్లాంక్ శక్తిలో కోటో వంతును కూడా చేరలేదు. ఆ మైదానం అంతా ఖాళీగానే ఉంది.

ఇంకో మాట. క్వాంటమ్ గ్రావిటీ కోసం పోటీపడుతున్న స్ట్రింగ్ సిద్ధాంతం గానీ, లూప్ క్వాంటమ్ గ్రావిటీ గానీ, మా ప్రకారం ఆలస్యం ఇంత ఉండి తీరాలని గట్టిగా చెప్పడం లేదు. లూప్ సిద్ధాంతానికి 1986లో పునాది వేసింది మహారాష్ట్రలో శిర్‌పుర్‌లో పుట్టిన అభయ్ అష్టేకర్. ఆ సిద్ధాంతం మీద కట్టిన కొన్ని తొలి నమూనాలు వెలుగులోని రెండు రకాల ధ్రువణాలూ (తరంగం ఊగే తీరులు) రెండు వేగాలతో వెళ్తాయన్నాయి. అలా అయితే దూరపు వెలుగులో ధ్రువణం మొత్తం చెరిగిపోయి రావాలి, అలా చెరిగిపోకుండా వస్తోంది కాబట్టి ఆ నమూనాలు ఆలస్యం పరీక్ష కంటే గట్టిగా దెబ్బతిన్నాయి. శక్తి పెరిగితే ఫోటాన్ ఇంకా వేగంగా వెళ్తుందన్న వాదం కూడా ఉంది. అది నిజమైతే బాగా శక్తి ఉన్న ఫోటాన్ దారిలోనే ఎలక్ట్రాన్, పాజిట్రాన్‌గా విడిపోవాలి, కానీ 1.4 పెటా (పద్నాలుగు లక్షల గిగా) ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ సిగ్నస్ దిక్కు నుంచి క్షేమంగా వచ్చి చేరిందని లాసో వాళ్లు 2021లో చెప్పారు. ఆలస్యమే కనబడనక్కర్లేని క్వాంటమ్ గ్రావిటీ కూడా ఉండొచ్చు, దానికి వేరే పరీక్షలు కావాలి.

ప్రశ్న: నేను కొరాపుట్‌లో డిగ్రీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. మన దేశంలో ఇలాంటి పని జరుగుతుందా? మా కాలేజీలో టెలిస్కోపు కూడా లేదు, నేను ఇప్పుడే ఏమన్నా చేయగలనా?
– డిగ్రీ విద్యార్థిని, కొరాపుట్

జవాబు: జరుగుతుంది చెల్లెమ్మా. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర, దాదాపు 4,300 మీటర్ల ఎత్తులో, మేస్ అనే టెలిస్కోపు ఉంది. 21 మీటర్ల వెడల్పు అద్దం, ఆ రకంలో ఆసియాలోనే పెద్దది. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు, మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కలిసి కట్టారు, 2024 అక్టోబర్ 4న ప్రారంభమైంది. దూరపు బ్లేజర్లు, గామా విస్ఫోటాలు దాని పనుల జాబితాలో ముందు వరసలో ఉన్నాయి. చదువు కోసమైతే మీకు దూరం పోనక్కర్లేదు, బరంపురంలో ఐసర్ ఉంది, భువనేశ్వర్ పక్కన జట్నీలో నైసర్ ఉంది, రెండూ కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు. ఎంట్రన్స్ పరీక్షల తేదీలు ఇప్పుడే చూసిపెట్టుకోండి.

ఇప్పుడే చేయగలిగింది కూడా ఉంది, దానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఫెర్మీ పట్టుకున్న ఫోటాన్ల వివరాలన్నీ నాసా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఎవరైనా తీసుకోవచ్చు, మీరూ తీసుకోవచ్చు. 2009 మే 10 విస్ఫోటంతోనే మొదలుపెట్టండి. ఫెర్మీ గడియారం 2001 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది, అందులో అలారం మోగిన క్షణం 26,36,07,781.97. దానికి కాస్త అటూ ఇటూ కలిపి ఒక నిమిషం ఫైలు అడగండి. ఈవెంట్ క్లాస్ అడిగిన చోట ట్రాన్సియెంట్ రకం ఎంచుకోండి, లేకపోతే కావాల్సిన ఫోటాన్లలో కొన్ని వడపోతలో పోతాయి. ఫైలు చిన్నదే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో ఒక్కో వరసకు ఒక్కో ఫోటాన్, పక్కన వచ్చిన సమయం, శక్తి మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటాయి. పైథాన్‌లో సమయం అడ్డంగా, శక్తి నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి, శక్తి గీతను లాగ్ స్కేలులో పెట్టడం మర్చిపోవద్దు. చివరి అంకెలు 782.80 ఉన్న చోట, దాదాపు 30 వేల ఎత్తున మీకు ఒంటరిగా ఒక చుక్క కనబడాలి, పైన మాస్టారికి చెప్పిన ఫోటాన్ అదే. దాని నుంచి అలారం మోగిన క్షణం దాకా ఉన్న తేడా మీరే కొలిచి, తొలి మెరుపు తాలూకు 0.03 సెకను కలిపి, పైన వేసిన లెక్క మీరే మళ్లీ వేసి చూడండి, మా మాట మీద నమ్మొద్దు. ఎక్కడన్నా ఆగిపోతే గ్రాఫ్, కోడ్ రెండూ జత చేసి ఈ శీర్షికకే పంపండి, వచ్చే సంచికలో వేసి తప్పు ఎక్కడుందో కలిసి చూద్దాం.